కుంటి నడక ఖర్మ కాదు



ఇవాళ మీతో తుంటి కీలు గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులంటే తెలుసు, నడుం నొప్పంటే తెలుసు, తుంటి గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని మచిలీపట్నంలో ఏ వీధిలో ఉన్నా, గుడివాడలో ఏ పేటలో ఉన్నా, దివిసీమలో అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు ఏ ఊళ్ళో ఉన్నా, ఒక పక్కకి ఒరిగి నడిచే ఆడపిల్ల ఎవరో ఒకరు మీ కళ్ళబడే ఉంటుంది. ఆ పిల్ల చదువేమిటో, చేతిపనేమిటో ఎవరూ అడగరు. ముందు ఆ నడకకే పేరు పెడతారు. ఆ పేరు పెళ్ళి సంబంధాల దాకా, ఆ తర్వాత కాపురం దాకా ఆమె వెంట వస్తుంది. అలాంటి నడక వెనక ఉన్న జబ్బేమిటి, దాన్ని పసితనంలోనే పట్టుకోవడం ఎలా, అప్పుడు పట్టుకోలేకపోతే పెద్దయ్యాక దానితో బతుకు సాగించడం ఎలా - ఈ మూడు సంగతులే నేను చెప్పదలచుకున్నవి.

ముందు ఈ కీలు ఎలా ఉంటుందో చూద్దాం. మన రుబ్బురోలు తలుచుకోండి. గ్రైండర్లు వచ్చాక రోలు పెరట్లోకి పోయింది గాని, దాని సంగతి మీకు తెలియనిది కాదు. రోటి గుంటలో పొత్రం ఎలా తిరుగుతుందో, కటి ఎముకలోని గుంటలో తొడ ఎముక పైకొస అలాగే తిరుగుతుంది. ఆ కొస బంతిలా గుండ్రంగా ఉంటుంది. గుంట లోతుగా, నున్నగా ఉంటే పొత్రం ఎంత తిప్పినా పక్కకి పోదు. లోతు చాలకపోతే అంచుకి జారుతుంది. తిప్పినకొద్దీ అంచు అరుగుతుంది. అయితే రోటికీ కీలుకీ ఒక తేడా ఉంది. పుట్టిన బిడ్డలో ఈ గుంట చాలా భాగం మెత్తని మృదులాస్థి. బంతి అందులో సరిగ్గా కూర్చుని ఉంటే దాని చుట్టూ గుంట తనంతట తానే లోతుగా ఎదుగుతుంది. బంతి పక్కకి జారి ఉంటే గుంట చదునుగానే ఉండిపోతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలన్న మాట ఈ కీలుకి అచ్చంగా సరిపోతుంది.

పుట్టుకతోనో, పుట్టిన కొత్తల్లోనో ఈ గుంట సరిగా ఏర్పడకపోవడాన్ని డాక్టర్లు తుంటి డిస్‌ప్లేసియా అంటారు. కొందరిలో గుంట కాస్త లోతు తక్కువ. కొందరిలో కీలు వదులు. కొందరిలో బంతి పూర్తిగా బయటికి తొలగిపోయి ఉంటుంది. ఇలా పూర్తిగా తొలగిన కీలు వెయ్యి మంది పిల్లల్లో ఒకరిద్దరికి ఉంటుందని సాధారణంగా చెప్పే లెక్క. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఇది నాలుగైదు రెట్లు ఎక్కువ. కుడి తుంటి కంటే ఎడమ తుంటికి ఎక్కువగా వస్తుంది. తొలిచూలు బిడ్డల్లో, ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డల్లో, ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఇదే ఇబ్బంది ఉన్న బిడ్డల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. ఎదురుకాళ్ళ బిడ్డంటే మన పల్లెల్లో ఒక గొప్ప ఉంది కదా - నడుం పట్టేస్తే వాళ్ళ కాలు తగిలించుకుంటే పట్టు వదులుతుందని. నడుం పట్టు సంగతి ఎలా ఉన్నా, ముందు ఆ బిడ్డ తుంటిని డాక్టరుకి చూపించండి. పైకి అంతా బాగానే కనిపించినా, ఆరు వారాలప్పుడు తుంటికి అల్ట్రాసౌండు తీయించడం మంచిది. నాలుగైదు నెలలు దాటాక అయితే ఎక్స్‌రేలోనే కీలు స్పష్టంగా కనబడుతుంది.

చిక్కెక్కడుందంటే, ఈ జబ్బు పసిబిడ్డకి నొప్పి పెట్టదు. బిడ్డ ఏడవదు, జ్వరం రాదు, పాలు మానదు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. దీన్ని అందరికంటే ముందు పసిగట్టగలిగేది బిడ్డకి నూనె రాసి, నీళ్ళు పోసే చేతులే. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచి, రెండు తొడలనీ మెల్లగా చెరోపక్కకీ విప్పి చూడండి. ఒక కాలు పూర్తిగా విచ్చుకుని, రెండోది సగంలో ఆగిపోతోందా? అది ముఖ్యమైన గుర్తు. మోకాళ్ళు మడిచి పాదాలు పక్కపక్కన ఆనించినప్పుడు ఒక మోకాలు కిందికి ఉందా? తొడల మీద ముడతలు రెండు వైపులా సమానంగా లేవా? ముడతలు తేడాగా ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, బెంబేలు పడకండి. అయినా చూపించండి. ఒక్కోసారి రెండు తుంటులూ ఒకేలా తొలగి ఉంటే, రెండు వైపులా సమానంగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకని డాక్టరు చేతి పరీక్ష తప్పదు. ఇటలీ దేశపు పిల్లల డాక్టరు మారినో ఓర్టోలానీ 1937లో చెప్పిన పరీక్షనే ఇవాళ్టికీ పసిబిడ్డలకి చేస్తున్నారు. తొడని విప్పుతున్నప్పుడు, తొలగిన బంతి గుంటలోకి తిరిగి జారడం వేళ్ళకి తెలుస్తుంది. అది చెయ్యి తిరిగిన డాక్టరు చేయవలసిన పని, మనం ఇంట్లో ప్రయత్నించవలసింది కాదు. నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, కాళ్ళు నిటారుగా గుంజడం కూడా మానిపించండి.

పొత్తిళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డ ఉలిక్కిపడకుండా ఉంటుందని, కాళ్ళు చక్కగా వస్తాయని, రెండు కాళ్ళూ చాపి దగ్గరగా చేర్చి బిగించి చుట్టే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది. కడుపులో తొమ్మిది నెలలు మడిచి ఉంచుకున్న కాళ్ళని ఒక్కసారిగా చాపి కట్టేస్తే, బంతి గుంటలోంచి బయటికి నెట్టబడుతుంది. జపాను దేశంలో 1975 ప్రాంతంలో ఈ సంగతి గ్రహించి, బిడ్డల కాళ్ళు చాపి కట్టవద్దని తల్లులకీ అమ్మమ్మలకీ బాగా నచ్చజెప్పారు. ఆ తర్వాత అక్కడ తుంటి తొలగిన బిడ్డల సంఖ్య బాగా పడిపోయింది. మనకి ఆ పాఠం బయటినుంచి నేర్చుకోవలసిన అవసరమే లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మన మందు మన చంకలోనే ఉంది. మెడ నిలిచిన బిడ్డని మనం చంకనెత్తుకునేటప్పుడు ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, తొడలు బాగా ఎడంగా ఉంటాయి. బంతి గుంటలో నిండుగా కూర్చునేది సరిగ్గా ఆ భంగిమలోనే. కాబట్టి చుట్టాలనుకుంటే చేతుల వరకు చుట్టండి. నడుం కింద కాళ్ళు కప్పలా మడిచి ఆడించుకునేందుకు వదులు ఉంచండి.

కనిపెట్టాక వైద్యం ఏమిటంటారా? ఆరు నెలల లోపు తెలిస్తే చాలావరకు కత్తితో పని లేదు. చెకోస్లొవాకియా డాక్టరు ఆర్నోల్డ్ పావ్లిక్ 1940లలో రూపొందించిన మెత్తని పట్టీల జోడు ఒకటి ఉంది. భుజాల మీదుగా వచ్చి పాదాలని పట్టుకుంటుంది. కాళ్ళు మడిచి, ఎడంగా ఉంచుతుంది. కొన్ని వారాలు, నెలలు అది వేసి ఉంచితే, కీలు దానంతట అదే కుదురుకునే అవకాశం ఎక్కువ. ఆరు నెలలు దాటితే మత్తిచ్చి కీలు కూర్చోబెట్టి, నడుం నుంచి కాళ్ళ దాకా పిండికట్టు వేస్తారు. నడక వచ్చాక, ఏడాదిన్నర దాటాక తెలిస్తే ఆపరేషను తప్పకపోవచ్చు. వయసు పెరిగినకొద్దీ ఆపరేషను పెద్దదవుతుంది, ఫలితం తగ్గుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో ఈ తుంటి జబ్బు కూడా ఉంది. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే ఆ డాక్టర్ల బృందాన్ని మా బిడ్డ తుంటి చూడండమ్మా అని నోరు తెరిచి అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు.

ఈ మాటలు నేను పుస్తకాలు చూసి మాత్రమే చెప్పడం లేదు. నాకూ ఎడమ తుంటి తొలగే ఉంది. నడక వచ్చిన కొత్తలో బాతులా నడుస్తోందని ఇంట్లో ముద్దుగా నవ్వుకున్నారట. తెలిసేసరికి రెండేళ్ళు దాటాయి, ఆపరేషను మూడో ఏట జరిగింది. కాలు కొంచెం పొట్టిగానే మిగిలింది. అయితే నాకు ఆ కాలు పెట్టిన బాధ కంటే, నా మూలంగా మా అమ్మ పడ్డ మాటలే ఎక్కువ. గ్రహణంలో కదిలి ఉంటావు, కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళు ముడుచుకు పడుకుని ఉంటావు, పురిట్లో సరిగా నీళ్ళు పోయించలేదు - వచ్చినవాళ్ళల్లా ఒక్కో కారణం చెప్పి వెళ్ళేవారు. ఆవిడ ఎదురు చెప్పలేదు. చివరిదాకా నిజమేనేమో అనుకుంటూనే పోయింది. సోదరీమణులారా, గ్రహణానికీ తుంటికీ ఏ సంబంధమూ లేదు. గర్భిణి పడుకున్న తీరు వల్ల గాని, తిన్న తిండి వల్ల గాని ఇది వచ్చిందనడానికి ఆధారమేదీ లేదు. అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు కారణాలు వెతకకండి. ఏ డాక్టరుకి చూపించారమ్మా అని ఒక్క మాట అడగండి, అది చాలు.

పుట్టుకతో బాగానే ఉన్న తుంటి కూడా పెరిగే వయసులో చెడిపోవచ్చు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య, ముఖ్యంగా మగపిల్లల్లో, బంతికి రక్తం అందడం తగ్గి అది మెత్తబడి నలుగుతుంది. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తెస్ ఎవరికి వారుగా దీన్ని వివరించారు గనుక ముగ్గురి పేర్లూ కలిపి చెబుతారు. వాడుకలో పెర్తెస్ జబ్బు అంటారు. రెండు మూడేళ్ళలో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, రక్తం మళ్ళీ వచ్చి ఎముక గట్టిపడుతుంది. ఈలోగా బంతి గుండ్రంగా నిలిచేట్టు చూసుకోవడమే వైద్యం. పది నుంచి పదహారేళ్ళ మధ్య, కాస్త ఒళ్ళున్న పిల్లల్లో, బంతి తన మెడ మీదనుంచి జారే జబ్బు ఇంకొకటి ఉంది. అందులో ఆలస్యం చేయకూడదు. అనుమానం రాగానే పిల్లని నడిపించకుండా ఎత్తుకునే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇక పసిబిడ్డకి జ్వరం వచ్చి ఒక కాలు కదపకుండా, తాకితే ఏడుస్తూ ఉంటే కీలులో చీము పట్టిందేమోనని అనుమానించాలి. అది గంటల మీద తేలవలసిన వ్యవహారం.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. తుంటి జబ్బున్న పిల్లలు చాలామంది తుంటి నొప్పి అనరు, మోకాలు నొప్పి అంటారు. రెండు కీళ్ళకీ పోయే నరాలు ఒకటే కావడం వల్ల నొప్పి అలా తోవ తప్పుతుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ ఉండదు. బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని మందలించి కూర్చోబెడతారు. మోకాలు నొప్పి అంటూ కుంటుతున్న పిల్ల ఎవరైనా, తుంటి కూడా చూడండి డాక్టరుగారూ అని మీరే అడగాలి.

ఇప్పుడు మనలాంటి పెద్దవాళ్ళ సంగతికి వద్దాం. చిన్నప్పుడు ఆపరేషనైనా, కాకపోయినా, గుంట లోతు తక్కువగా ఉన్న కీలు ముందుగా అరుగుతుంది. మామూలుగా అరవై దాటాక రావలసిన అరుగుదల ముప్ఫై అయిదు, నలభైల్లోనే మొదలవవచ్చు. గజ్జల్లో నొప్పి, చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోవడం, పడక మీద పక్కకి ఒత్తిగిల్లితే మెలకువ రావడం - ఇవి దాని గుర్తులు. ఒక పక్కకి ఎందుకు ఒరిగి నడుస్తామో తెలుసా? తక్కెడ తలుచుకోండి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్ళంతటి బరువు ఒక పక్క, పిరుదు పక్కన ఉన్న చిన్న కండరం ఒక పక్క. కండరం ఉన్న వైపు కర్ర పొట్టిది గనుక అది చాలా బలంగా లాగాలి. అందువల్ల మామూలు నడకలోనే తుంటి మీద ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు భారం పడుతుంది. కీలు చెడినప్పుడు ఆ కండరం నీరసిస్తుంది. తక్కెడ నిలబెట్టడానికి మనం ఒళ్ళంతా ఆ వైపు వాలుస్తాం. చూసేవాళ్ళకి అది వంకర నడక. నిజానికి శరీరం తనకి తోచిన ఉపాయం తాను చేసుకోవడమది.

ఈ తక్కెడ లెక్క తెలిస్తే కొన్ని సుఖాలు సులువుగా దొరుకుతాయి. చేతికర్ర పట్టుకుంటే నొప్పి ఉన్న వైపు కాదు, బాగున్న వైపు చేత్తో పట్టుకోవాలి. ఎడమ తుంటి నొప్పైతే కుడి చేత కర్ర. చాలామంది ఇది తిరగేసి పట్టుకుని, కర్ర వల్ల లాభం లేదని మూల పడేస్తారు. నీళ్ళ బకెట్టో, కూరల సంచీయో మోయక తప్పకపోతే, దాన్ని నొప్పి ఉన్న వైపు చేత్తోనే పట్టుకోండి. వినడానికి వింతగా ఉన్నా తుంటికి భారం తగ్గేది అలాగే. బరువు రెండు చిన్న సంచుల్లో చెరిసగం చేసుకుంటే మరీ మంచిది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే తుంటికి రెండు మూడు కిలోలు తగ్గినట్టే. కాలు పొట్టిగా ఉంటే కొలిపించి, ఆ చెప్పుకి కింద ఎత్తు వేయించుకోండి. ఇంట్లో చెప్పులేమిటని మన ఇళ్ళల్లో వేసుకోరు. కాని రోజంతా మనం నడిచేది ఇంట్లోనే. ఇంటి వరకే వాడే జత ఒకటి విడిగా పెట్టుకుంటే మడికీ అడ్డం రాదు, తుంటికీ మేలు. బాగున్న పక్కకి తిరిగి పడుకుని, పై కాలు నిటారుగా మెల్లగా ఎత్తి దించే వ్యాయామం రోజూ కాసేపు చేస్తే ఆ పిరుదు కండరం బలపడుతుంది. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది ఫిజియోథెరపీ చేసేవారిని అడిగి తెలుసుకోండి.

వంటింట్లో చేసుకోవలసిన మార్పులు చెప్తాను. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం, నేల మీద బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ కూర్చోవడం అరిగిన తుంటికి పడవు. కూరలు గట్టు మీద చాకుతో తరుక్కోండి. గట్టు దగ్గర ఎత్తు స్టూలొకటి వేసుకుని సగం కూర్చుని వంట చేయవచ్చు. వ్రతానికీ నోముకీ పీట మీదే కూర్చోవాలని పట్టుబట్టకండి. కుర్చీలో కూర్చుని చేసిన పూజని దేవుడు కాదనడు. పెరట్లో మరుగుదొడ్డి పాత పద్ధతిలో ఉంటే కనీసం దాని మీద పెట్టే కమోడు కుర్చీ కొనుక్కోండి, గోడకి పట్టుకునే కమ్మీ వేయించండి. అత్తగారు ఏమంటారో, మరిది ఏమంటాడో అని ఈ ఒక్క కుర్చీ కొనక పదేళ్ళు బాధపడ్డ ఇల్లాళ్ళున్నారు. పొలం పనికి పోయే ఆడవాళ్ళకి నడుం వంచి బురదలో నాట్లు వేయడం, జారే గట్ల మీద నడవడం మరీ కష్టం. అలాంటి మనిషి మీ పొలంలో ఉంటే నారు కట్టలు కట్టే పనో, కూర్చుని చేసే పనో చెప్పి కూలి మాత్రం తగ్గించకండి. పెడన కలంకారీ అద్దకమైనా, చిలకలపూడి గిల్టు నగల పనైనా, బల్ల ఎత్తు పెంచి కుర్చీ వేసుకునే వీలుంటే ఆ పని మనకి చక్కగా నప్పుతుంది.

కూచిపూడి మన జిల్లా ఊరే కదా, ఆడపిల్లకి నాట్యం నేర్పించాలని ఎవరికి ఉండదు? అరమండిలో తొడలు రెండూ బాగా విప్పి, మోకాళ్ళు వంచి నిలవాలి. తుంటి గుంట లోతు తక్కువైన పిల్లకి అక్కడే మొదట నొప్పి తెలుస్తుంది. గజ్జల్లో నొప్పి అని పిల్ల అంటే బద్ధకమని కసరకుండా ఒక ఎక్స్‌రే తీయించండి. మానిపించమని కాదు, ఎంతవరకు చేయవచ్చో తెలుసుకుని చేయించమని.

పెళ్ళి మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తి కాదు. కాలి సంగతి దాచి, పెళ్ళిచూపుల్లో పిల్లని ముందే చాప మీద కూర్చోబెట్టి, లేవకుండా చూసి సంబంధం కుదిర్చే పెద్దలు ఉన్నారు. దాచిన నిజం పెళ్ళైన మర్నాడే బయటపడుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల తన నొప్పిని కూడా దాచుకోవలసి వస్తుంది. నొప్పి అంటే మోసం గుర్తు చేసినట్టవుతుందని నోరు మూసుకుంటుంది. మందుల షాపులో బిళ్ళలు తెప్పించుకుని రోజూ మింగుతుంది. నొప్పి బిళ్ళలు అలా ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. అందుకని పిల్లకి ఉన్నదేమిటో, చేసిన వైద్యమేమిటో ఎక్స్‌రేతో సహా ముందే చెప్పండి. వద్దనేవాళ్ళు వద్దంటారు. తెలిసి చేసుకున్నవాడు రేపు కుర్చీ కొనుక్కొస్తాడు.

పిల్లలు పుడతారా, కాన్పు కష్టమవుతుందా అని అత్తింటివారు అడుగుతారు. తుంటి జబ్బు వల్ల గర్భం రాకపోవడమన్నది లేదు. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. తుంటి మార్చుకున్నవాళ్ళు కూడా కన్నారు. తొడలు ఎంతవరకు విచ్చుకుంటాయో లేడీ డాక్టరుకి నెలలు నిండకముందే చెప్పి ఉంచాలి, పడుకోబెట్టే తీరు ఆమె దాన్నిబట్టి చూసుకుంటుంది. నెలలు నిండేటప్పుడు బరువు పెరిగి నొప్పి ఎక్కువ కావచ్చు, అప్పుడు కర్ర పట్టుకోవడానికి మొహమాటపడకండి. ఇంకొకటి - తల్లికి గాని తండ్రికి గాని ఈ జబ్బు ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి పన్నెండు దాకా ఉంటుందని 1970లో బ్రిటనులో కుటుంబాల మీద చేసిన పరిశీలన తేల్చింది. అంటే నూటికి ఎనభై ఎనిమిది మందికి రాదన్నమాట. భయపడి పిల్లల్ని కనడం మానవద్దు. పుట్టగానే తుంటి చూపించడం మాత్రం మరవవద్దు.

ఆపరేషను ఎప్పుడు చేయించుకోవాలి? కీలు ఇంకా అరగక, నొప్పి మాత్రమే ఉన్న చిన్న వయసువారికి గుంటనే కోసి తిప్పి లోతు పెంచే ఆపరేషన్లు ఉన్నాయి. పూర్తిగా అరిగిపోతే కీలు మార్చడమే. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గుంట పెట్టి దారి వేసిన ఆపరేషను ఇది. 2019లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన లెక్కల ప్రకారం, మార్చిన తుంటి కీళ్ళలో నూటికి 58 వరకు 25 ఏళ్ళు పనిచేశాయి. నలభై ఏళ్ళ మనిషికైతే తర్వాత ఇంకోసారి మార్చవలసి రావచ్చు. అందుకే డాక్టర్లు కొందరిని ఆగమంటారు. ఆగమన్నారు కదా అని మంచం పట్టేదాకా ఆగనక్కరలేదు. రాత్రి నిద్ర లేకపోతే, నాలుగడుగులు వేయలేకపోతే, అదే సమయం. ఆపరేషనయ్యాక ఎలా కూర్చోవాలి, ఎంత వంగాలి, గొంతుక్కూర్చోవచ్చా అన్నది డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

చివరిగా మన ప్రాంతానికే ప్రత్యేకమైన మాట ఒకటుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఎవరూ మరచిపోలేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. నీళ్ళు వచ్చిపడ్డప్పుడు పరుగెత్తలేని మనిషి గతేమిటన్న భయం, కుంటుతూ నడిచే ప్రతి ఆడదానికీ తుఫాను హెచ్చరిక విన్నప్పుడల్లా గుండెలో ఉంటుంది. ఇవాళ తుఫాను కబురు కొన్ని రోజుల ముందే తెలుస్తుంది గనుక, అలాంటివాళ్ళని ముందు బండిలోనే తరలించాలి, ఆఖరుకి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఎనిమిదో సెక్షను ప్రకారం, జిల్లాలో ఉన్న దివ్యాంగుల వివరాలు జిల్లా విపత్తుల సంస్థ రాసి ఉంచుకోవాలి, ప్రమాదం వస్తుంటే వాళ్ళకి కబురు చేయాలి. మీ పేరో, మీ ఇంటి పక్కావిడ పేరో అందులో ఉందో లేదో సచివాలయంలో అడగండి.

ఆ చట్టం కింద నలభై శాతమో అంతకు మించో వైకల్యం ఉందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు ఇస్తే చదువులో, ఉద్యోగంలో రిజర్వేషను, పింఛను వంటి వాటికి దారి దొరుకుతుంది. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనును 2024లో నెలకి 6,000 రూపాయలు చేశారు. పరీక్షకి వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, ఆపరేషను కాగితాలు తప్పక పట్టుకెళ్ళండి; పిల్లల కాగితాలు ఇప్పటినుంచే ఒక సంచిలో దాచండి. గుడివాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఎముకల డాక్టరు కోసం ప్రతిదానికీ విజయవాడ బస్సెక్కవలసిన అవసరం మునుపటంత లేదు. ఎన్టీఆర్ వైద్య సేవలో మీకు కావలసిన ఆపరేషను ఉందో లేదో ఆసుపత్రిలోనే కనుక్కోవచ్చు.

మా అమ్మకి ఈ సంగతులు చెప్పేవాళ్ళు అప్పుడు ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పడానికి మనమున్నాం. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని పురుడు వచ్చినప్పుడు, బిడ్డని చూడ్డానికి వెళ్ళి రంగూ పోలికలూ చూసి వచ్చేయకండి. కాళ్ళు రెండూ సమానంగా విచ్చుకుంటున్నాయా అని బాలింతరాలిని మెల్లగా అడిగి రండి.

సెలవు.